పీఎస్5 కొనాలా, ఫోన్ కొనాలా? ముందు ఇన్వర్టర్‌ని అడగండి

మా మేనల్లుడు మెట్రిక్‌లో ఫస్ట్ డివిజన్ తెచ్చుకున్నాడు. రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రమే, ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి నుంచి బావ ఫోన్.

"ఫస్ట్ డివిజనొస్తే ఏదడిగితే అది కొంటానని నోరు జారీసాను. ఇప్పుడు గుంటడు పీఎస్5 అంటన్నాడు. అదేటో, ఎంతవుద్దో నాకు తెల్దు. నువ్వు పేపర్లో రాసీది ఇయ్యే కదా, ఒకపాలి వచ్చి సెప్పు."

"ఎంతలో అనుకుంటున్నావు బావా?"

"ముప్పై వేలు. మీ అక్క ఇరవై అంటంది."

పీఎస్5 అంటే సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్. నేనుండేది బరంపురంలో. ఫోన్లు, గేమ్ కన్సోళ్లు, చెవుల్లో పెట్టుకునేవి, చేతికి కట్టుకునేవి వాడి చూసి రాయడం నా పని. ఆ రాతల్లో ఒక మోసముంది, అది మాకు మేమే చేసుకునేది. వస్తువును ఏసీ గదిలో పెట్టి, ఫైబర్ నెట్ తగిలించి, కరెంటు పోదన్న ధీమాతో వారం రోజులు వాడి మార్కులేస్తాం. బావ ఇంట్లో టీవీ ముందుగదిలో ఉంది, ఫైబర్ వైరు వీధి చివరి వరకూ వచ్చి ఆగిపోయింది, వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో ఊరి పక్క మహేంద్రతనయ ఏటికే తెలియాలి. ఆ ఇంటికి సరిపోయేది ఏదన్నదే ప్రశ్న. ఏది గొప్పదన్న ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు, దాంతో మాకు పని లేదు.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర డిస్కు పెట్టుకునేదానికి 49,990, డిస్కు లేనిదానికి 39,990 రూపాయలు. తర్వాత వచ్చిన స్లిమ్ (సన్నటి మోడల్) 54,990, 44,990 అయింది. ఎలా చూసినా బావ ముప్పైలో పడదు. అయినా మేనల్లుడి మాట తీసేయకుండా లెక్క వేసి చూపిద్దామని వెళ్లాను. ధర ఒక్కటీ చెప్తే "ఈఎంఐ ఉంది కదా మావయ్యా" అంటాడని తెలుసు. అన్నాడు కూడా.

కరెంటు లెక్క

పెద్ద ఆట నడుస్తున్నప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు లాగుతుంది. రోజుకి రెండు గంటలు ఆడితే నెలకి 12 యూనిట్లు, టీవీ కలుపుకుంటే 17. బిల్లుకి భయపడక్కర్లేదని బావకి చెప్పాను. అసలు లెక్క కరెంటు లేనప్పుడుంది.

మెట్ల కింద ఇన్వర్టర్. దానికి 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్-అవర్లు, అదంతా కాగితం మీద. ఇన్వర్టర్ తినేదీ, బ్యాటరీ వయసుకి పోయేదీ తీసేస్తే చేతికొచ్చేది 1200 అనుకోండి. ముందుగదిలో ఒకటి, పడగ్గదిలో ఒకటి, రెండు ఫ్యాన్లకి 140 వాట్లు, లైట్లకి 20, టీవీకి 80. మొత్తం 240. అయిదు గంటలొస్తుంది. దానికి పీఎస్5 జత చేస్తే 440. రెండున్నర గంటలు దాటి కాసేపు. అంటే మేనల్లుడి ఆట ఖరీదు రెండు గంటల ఫ్యాన్ గాలి. మే నెలలో ఆ బేరానికి మా అక్క ఒప్పుకోదు. పీఎస్4 స్లిమ్ అయితే 100 వాట్లలోపు సరిపెట్టుకుంటుంది, మూడున్నర గంటలు నడుస్తుంది. ఫోన్‌కీ, చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌కీ ఈ లెక్కే అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. దీన్ని ఏ రివ్యూలోనూ రాయరు. బరంపురంలో నాకు తెలిసినవాళ్ల అబ్బాయి పీఎస్4, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కనురెప్పపాటులో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేచేది. లేచిన ప్రతిసారీ "సరిగ్గా ఆపలేదు" అని మందలించి హార్డ్‌డిస్క్ తనిఖీ మొదలెట్టేది. రిపేరు షాపులో చూపిస్తే పవర్ సప్లై మార్చాలన్నారట. ఇంటికెళ్లి ఇన్వర్టర్ వెనక చూస్తే వేలెడంత స్విచ్చి, "నార్మల్" వైపు ఉంది. "యూపీఎస్" వైపు తోశాం. ఇన్వర్టర్ అందుకునే వేగం పెరిగింది, కన్సోల్ ఆగడం మానేసింది. రూపాయి ఖర్చు లేదు.

కాకపోతే ఆ స్విచ్చికీ ఓ మెలిక ఉంది. యూపీఎస్ వైపు పెడితే వోల్టేజీ సుమారు 180 కిందికి దిగగానే ఇన్వర్టర్ లైనుని నమ్మడం మానేసి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రాలు లైట్లు మసకబారే వీధుల్లో కరెంటు ఉండగానే బ్యాటరీ అరిగిపోతుంది. మీ ఇంట్లో ఏడు గంటలకి వోల్టేజీ ఎంతుంటుందో ఓ మీటరు పెట్టి చూసుకోండి. కన్సోల్ కొనే ముందు చేయాల్సిన మొదటి పని అదే.

వంద జీబీ ఎక్కడి నుంచి తెస్తారు

ఇప్పటి పెద్ద ఆటల్లో 100 జీబీ దాటేవి చాలా ఉన్నాయి. రోజుకి 2 జీబీ ఇచ్చే రీచార్జితో దించుకుంటే యాభై రోజులు. ఈలోపు దానికి అప్‌డేట్ వస్తుంది. ఫైబర్ ఉండి 40 ఎంబీపీఎస్ నికరంగా అందితే అయిదున్నర గంటల పని, రాత్రి పెట్టి పొద్దున్న చూసుకోవచ్చు. 5జీ ఉంటే ఎంతైనా వాడుకోవచ్చని కొన్ని ప్లాన్లలో రాసి ఉంటుంది. బావ ఇంట్లో 5జీ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే వస్తుంది. అదీ ఒడిశా టవరుదో, అవతల పాతపట్నం టవరుదో చెప్పలేం.

అందుకే ఈ సరిహద్దు ఊళ్లలో డిస్కు పెట్టుకునే చోటు లేని కన్సోల్ కొనొద్దని నేను ఖరాఖండీగా చెప్తాను. పీఎస్5 డిజిటల్ ఎడిషన్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ రెండూ ఆ జాబితాలోవే. సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990కి వచ్చింది. చిన్నది, ముచ్చటైనది, చప్పుడు లేనిది. ఫైబర్ ఉన్న ఇంట్లో పెట్టుకుంటే బంగారం. 512 జీబీ అని చెప్పినా ఆటలకి మిగిలేది 364. నెట్ లేని ఇంట్లో అది గోడకి ఆనించిన తెల్ల డబ్బా.

డిస్కుకి ఇంకో సుగుణముంది. ఆడటం అయ్యాక అమ్మేయొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటికి ఇచ్చి మర్చిపోవచ్చు. డిస్కు పెట్టినా కన్సోల్ అప్‌డేట్ అడుగుతుంది. ఒక్కరే ఆడే ఆటైతే నెట్ తీసేసి డిస్కులో ఉన్నదాంతోనే చాలావరకు కానిచ్చేయొచ్చు.

ఫోన్ సంగతి

బావ మనసులో ఉన్నది ఫోనే. "ముప్పైలో మంచి ఫోనొస్తాది కదా, సదువుక్కూడా పనికొస్తాది" అన్నాడు. మేనల్లుడి మొహం చూశాను. వాడి దగ్గర ఇప్పటికే ఓ ఫోనుంది, అక్క పాతది.

దాని మీద వాడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. బీజీఎంఐ, ఫోన్లో జట్టుగా ఆడే తుపాకుల ఆట. నలుగురి జట్టు. ఒకడు టెక్కలి, ఒకడు బరంపురం, ఒకడు నాగపూర్ వైపు. చెవిలో ఇయర్‌ఫోన్, నోట్లోంచి మూడు భాషలు. టెక్కలి వాడికి "ఎడమపక్క రా ఎహె", బరంపురం వాడికి "ఆస ఆస", నాగపూర్ వాడికి "పీఛే దేఖ్ భాయ్". నడుమ నన్ను చూసి "మావయ్యా, కూసింత జరుగు". గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగే రాయాలని వాదించిందీ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ ఆయనే. ఆయన ఈ గుంటడి పక్కన కూర్చుంటే నోటుబుక్కు తీసేవారు. ఆట తెర మీద మాత్రం తెలుగు ముక్క కనపడదు. పిల్లలు ఆ లోటు నోటితో పూడ్చుకుంటున్నారు. ఫోన్ ఆటల బలమంతా ఇక్కడే ఉంది. ఊళ్లో కూర్చుని నాలుగు జిల్లాల స్నేహితులతో ఆడటం పీఎస్4లోనూ కుదురుతుంది గానీ, వాడి స్నేహితులందరి దగ్గరా ఉన్నది ఫోనే.

అయితే ఫోన్ మీదే తప్ప ఆట మీది కాదు. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. బీజీఎంఐగా 2021 జులైలో తిరిగొచ్చింది. 2022 జులై చివర్లో మళ్లీ స్టోర్ల నుంచి మాయం. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం. ఈసారి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి రోజుకి మూడు గంటలే అన్న షరతుతో. ఈ దాగుడుమూతలు చూసినవాడిగా చెప్తున్నాను, ఒక్క ఆట కోసం ముప్పై వేల ఫోన్ కొనకండి.

ఫోన్ కావాల్సే ఉంటే, ఆట కూడా ఆడాలనుకుంటే, షాపులో వీటిని అడగండి. జైరోస్కోప్ నిజంగా ఉందా? చవక ఫోన్లలో "వర్చువల్" అని రాస్తారు. అంటే లేదని అర్థం. ఫోన్‌ని వంచి గురి చూసే పిల్లలకి అది లేకపోతే సగం ఆట పోయినట్టే. స్టోరేజీ ఈఎంఎంసీనా, యూఎఫ్‌ఎస్సా? మొదటిదైతే ఏడాది తిరిగేసరికి ఫోన్ నీరసిస్తుంది. బైపాస్ చార్జింగ్ ఉందా? ఇదుంటే చార్జర్ పెట్టి ఆడుతున్నప్పుడు కరెంటు బ్యాటరీలోకి దూరకుండా నేరుగా ఫోన్‌కి అందుతుంది, వేడి తగ్గుతుంది. మా గంజాం, గజపతి వేసవిలో ఫోన్ అరగంటకే కాలి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బా మీద తెర వేగం 120 హెర్ట్జ్ అని రాసినవాళ్లు ఆ మాట రాయరు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడగొద్దు. అది వాళ్లే చెప్తారు.

డబ్బు సంగతి కూడా పెద్దవాళ్లు తెలుసుకోవాలి. ఫోన్ ఆట ఊరికే దొరుకుతుంది. తుపాకీకి రంగు, మనిషికి చొక్కా, అవి కొనాలి. మా వీధి కుర్రాడొకడు వాళ్ల నాన్న యూపీఐతో చొక్కాలు కొంటూ పోయాడు. నిజం చొక్కాలు మాత్రం అన్న వాడి వదిలేసినవే. డబ్బులు పెట్టి పందెం ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఈ చొక్కాల వ్యాపారం ఆ చట్టం కిందికి రాదు. దీన్ని ఆపే మార్గం ఒక్కటే, పిన్ నంబరు పిల్లలకి చెప్పకపోవడం.

చేతిలో పట్టుకునేవి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండలు విరిగిపడ్డాయి. ఆ రోజుల్లో నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. ఫోన్లు వరసగా చచ్చిపోయాయి, ఒక్కటి మాత్రం ఆటో బ్యాటరీకి తగిలించి బతికించుకున్నాం. అప్పుడు మేనల్లుడు అటక మీంచి ఓ పాత బ్రిక్ గేమ్ తీశాడు. జాతరలో కొన్నది, మీద "9999 ఆటలు" అని రాసున్నది, నిజానికి నాలుగైదు ఆటలున్నది. గడియారంలోంచి పెన్సిల్ సెల్స్ పీకి అందులో వేశాం. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ టైము అడగలేదు. అక్క, బావ, వాళ్లమ్మగారు కూడా వంతులేసుకుని ఆడారు. రికార్డు ముసలావిడది.

అందుకే చేతి కన్సోళ్లంటే నాకు పక్షపాతం, ముందే ఒప్పుకుంటున్నాను. నింటెండో స్విచ్ మొదటిది 2017 మార్చి 3న వచ్చింది. 2019లో సవరించిన మోడల్ ఒక చార్జికి నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు నడుస్తుంది. మామూలు పవర్‌బ్యాంకుతో చార్జి చేసుకోవచ్చు. అటూ ఇటూ ఉన్న రెండు ముక్కలు ఊడదీసి ఇద్దరు చెరొకటి పట్టుకోవచ్చు. పెళ్లికి వచ్చిన పిల్లలు నలుగురుంటే ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలీదు. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. తెర పెద్దదైంది, 7.9 అంగుళాలు. చార్జి మాత్రం రెండు గంటల నుంచి ఆరున్నర లోపే.

మరి ఎందుకు కొనిపించలేదంటే, మన దగ్గర దొరికేది ఎక్కువగా దిగుమతి సరుకు. పాడైతే బాగుచేసేవాడిని వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో వెతుక్కోవాలి. పాడవడం కూడా ఖాయమే. బొటనవేళ్లతో తిప్పే ఆ చిన్న కర్రలు అరిగి, వేలు పెట్టకుండానే బొమ్మ ఓ పక్కకి నడిచిపోవడం దానికి పేరుపడ్డ జబ్బు. నింటెండో సొంత ఆటలు ఏళ్లు గడిచినా ధర దిగవు. ముప్పై వేలలో కన్సోల్ వస్తే ఆటలకి మిగలదు. స్టీమ్ డెక్ కూడా ఇదే దారి. 2022లో వచ్చింది, కంప్యూటర్ ఆటల్లో చాలావాటిని చేతిలోకి తెచ్చింది, నాకు ప్రాణం. పదహారేళ్ల వాడికి ముప్పై వేలలో అయ్యే పని కాదు.

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకి దొరికే రెట్రో చేతి కన్సోళ్లున్నాయి, పదివేల ఆటలని రాసి ఉంటుంది. ఆ మెమరీ కార్డులోవి దొంగ కాపీలు. పైగా ఆ కార్డు నాసిరకం, ముందు పోయేది అదే. కాంట్రా లాంటి పాత వీడియో గేముల మీద బెంగతో నా వయసువాళ్లు కొంటే కొనొచ్చు. మేనల్లుడు దాన్ని చూసి "ఇది తాతల నాటిది" అన్నాడు. నేను గేమ్ కాసెట్టు ఊది పెట్టిన చేత్తోనే వాడికి మొట్టికాయ వేశాను.

లాప్‌టాప్ సంగతి క్లుప్తంగా. ముప్పై వేలలో చదువుకి పనికొచ్చే లాప్‌టాప్ దొరుకుతుంది, అందులో జీటీఏ వైస్ సిటీ రోజుల నాటి పాత ఆటలు ఆడతాయి. గేమింగ్ లాప్‌టాప్ అని దొరికేది ఏదైనా ఉంటే అది వాడేసినదో, అబద్ధమో. ఖరీదైనది కొన్నా, చార్జర్ పీకితే గ్రాఫిక్స్ వేగం పడిపోతుంది, గంటకో గంటన్నరకో బ్యాటరీ ఖాళీ. ప్లస్ టూ తర్వాత ఇంజినీరింగ్‌లో చేరితే ఎలాగూ కొనాలి, అప్పుడు చూద్దాం అన్నాను. బావ ఊపిరి పీల్చుకున్నాడు.

ఏం కొన్నాం

వాడేసిన పీఎస్4 స్లిమ్. పీఎస్4 ప్రపంచంలోకి వచ్చింది 2013లో. ముసలిదే. కొత్త ఆటలు దాని కోసం తయారవడం దాదాపు ఆగిపోయింది. అయినా పదేళ్ల ఆటలు డిస్కుల రూపంలో బజార్లో తిరుగుతున్నాయి, సగం ధరకీ పావు ధరకీ. ముందు ముందు డిస్కు పెట్టే పీఎస్5 కొంటే ఈ డిస్కుల్లో దాదాపు అన్నీ అందులో ఆడతాయి. పెట్టిన డబ్బు వృథా కాదు. మీ ఇంట్లో ఫైబర్ ఉండి, కరెంటు నమ్మకంగా ఉండి, చేతిలో అరవై వేలుంటే నా మాట వినొద్దు, డిస్కు ఉన్న పీఎస్5 కొనుక్కోండి.

వాడేసినది కొనేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. మేం అమ్మేవాళ్లింటికి ఓ డిస్కు తీసుకుని వెళ్లాం. పెట్టడం, తీయడం అయిదారు సార్లు చేశాం. ఆట నడిపించి అరగంట కూర్చున్నాం, టీ కూడా తాగాం. లోపల దుమ్ము పేరుకుంటే ఫ్యాను అరగంట దాటాక పిండిమర లాగా మోగుతుంది, మొదటి అయిదు నిమిషాల్లో బయటపడదు. కంట్రోలర్‌ని టేబుల్ మీద వదిలేసి బొమ్మ కదులుతుందేమో చూశాం. చార్జింగ్ పిన్ను, టీవీ వైరు పెట్టే చోటు మెల్లగా కదిపి చూశాం. మేనల్లుడి అకౌంటుతో లాగిన్ అయ్యాం, సోనీ బ్యాన్ చేసిన పెట్టె అయితే అక్కడే తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 9.00 దాటిందో లేదో చూశాం. లోపల ఉండే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి నెట్ కూడా లేకపోతే పాత సాఫ్ట్‌వేర్‌లో డిస్కు ఆటలు సైతం తెరుచుకునేవి కావు. 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 ఆ బాధ తప్పించింది. "జైల్‌బ్రేక్ చేసీసినాం, ఆటలన్నీ ఫ్రీ" అని చెప్పినవాడి దగ్గర్నుంచి అంతకుముందే లేచి వచ్చేశాం. జైల్‌బ్రేక్ అంటే కంపెనీ వేసిన తాళం విరగ్గొట్టడం. దాంతో ఆన్‌లైన్ వెళ్లలేం, రేపు అమ్మబోతే తెలిసినవాడు కొనడు.

మూడు డిస్కులు కలిపి అక్క చెప్పిన ఇరవైకి కాస్త అటుగా తేలింది. మిగిలినదాంట్లో రెండో కంట్రోలర్ కొన్నాం. అది లేకపోతే ఈ పెట్టె ఇంట్లో అందరిదీ కాదు, మేనల్లుడి ఒక్కడిదే అవుతుంది. మొదటి డిస్కు టెక్కెన్ 7, ఇద్దరు తలపడే కొట్లాట ఆట. బావకి రూల్స్ ఏమీ చెప్పకుండా రెండో కంట్రోలర్ చేతికిచ్చాం. అన్ని బటన్లూ ఒకేసారి నొక్కి గెలిచాడు. ఆ ఆటలో అలాగే జరుగుతుంది.

నేను బరంపురం బస్సెక్కేటప్పుడు మేనల్లుడు సంచి మోసుకుంటూ వచ్చాడు.

"మావయ్యా, జీటీఏ 6 దీన్లో రాదంట కదా?"

"రాదురా. పీఎస్5లోనూ, కొత్త ఎక్స్‌బాక్స్‌లోనే. 2026 నవంబరు 19 అని ప్రకటించారు."

వాడు వేళ్ల మీద ఏవో లెక్కలేసుకున్నాడు. రాత్రి అక్క ఫోన్ చేసింది. ప్లస్ టూలో ఫస్ట్ క్లాసొస్తే ఏటి కొంటావని వాళ్ల నాన్నని అన్నం దగ్గరే పట్టుకున్నాడట. బావ ఈసారి నోరు విప్పలేదట.